రాఖీకి ఇచ్చిన నెల రోజులు

కోరుట్ల,
6 నవంబర్ 2025

తమ్ముడు మధుకర్‌కు,

క్షేమ సమాచారాలు తర్వాత అడుగుతాను. ముందు కోపం ఉంది, అది రాయనివ్వు. చిన్నమ్మ కొడుకువి కాబట్టి ఉత్తరంతో సరిపెడుతున్నాను. ఇంకెవరైనా అయితే ఈపాటికి మా ప్రిన్సిపల్ ముందు నిలబెట్టేదాన్ని.

ఈ కాలంలో కాగితం మీద రాయడమేమిటని నవ్వుకోకు. పిల్లలకు హోంవర్క్ పంపడానికి నా వాట్సాప్‌ను మా స్టాఫ్‌రూమ్ కంప్యూటర్‌లో కూడా తెరిచి పెట్టుకున్నాను. అందులో ఏం రాసినా రేపు ఎవరి కంట పడుతుందో తెలియదు. ఫోన్ చేద్దామంటే, నేను ఫోన్ ఎత్తగానే మా అత్తమ్మ టీవీ సౌండ్ తగ్గించి కూర్చుంటుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

మొన్న శనివారం మా స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. ఈసారి మార్కుల కాగితాలు ఇవ్వొద్దు, నువ్వు చేసిపెట్టిన వెబ్‌సైట్‌లోనే చూపించాలి అని జగిత్యాలలోని మేనేజ్‌మెంట్ ఆర్డరు. ఫోన్‌లో చూడటం రానివాళ్లను మా క్లర్కు జలపతి స్టాఫ్‌రూమ్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. నా ఏడో తరగతిలో ప్రవళిక అనే పిల్ల ఉంది. వాళ్ల అమ్మ సరిత మస్కట్‌లో ఇంటిపని చేస్తుంది, తండ్రి లేడు. అమ్మమ్మ మొగిలవ్వ బీడీలు చేస్తూ పిల్లను సాకుతుంది. మీటింగుకు ఆ ముసలామే వచ్చింది. ఆమెకు చదువు రాదు. జలపతికి ఆరోజు ఊపిరాడని పని. "నీ నంబర్ కొట్టి నువ్వే సూస్కో పిల్లా" అని చెప్పి బయటికి పోయాడట.

ఆ పిల్ల వెబ్‌సైట్ తెరిస్తే అది పాస్‌వర్డే అడగలేదు. నేరుగా నా పేరుతో తెరుచుకుంది. నా క్లాసు పిల్లలందరి పేర్లూ, ఒక్కొక్క పేరు కింద నేను రాసిన అభిప్రాయం. అవి ప్రిన్సిపల్ తప్ప ఇంకెవరూ చూడకూడనివి. వచ్చే ఏడాది ఎనిమిదో తరగతిని రెండుగా విడగొట్టి, బాగా చదివేవాళ్లను ఫౌండేషన్ సెక్షన్‌లో వేస్తారు. దానికోసం రాయించుకున్నవి. జలపతి తిరిగి వచ్చేసరికి తెర పైన 'శ్రీలత టీచర్' అని ఉందట. ఆ మాట నాతో నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

అంతకు రెండు రోజుల ముందు పని అయిపోగానే పైన ఇంటూ గుర్తు కొట్టి మూసేసి పోయాను. మూసిన తలుపు ఎవరు తోస్తే వాళ్లకు తెరుచుకుంటుందా? ఇదేనా నువ్వు నేర్చుకున్న పని? ఆ పిల్ల ఏమేం చూసిందో నీకు తెలిసే వీలుంటే చెప్పు. నేనేం రాశానని మాత్రం అడగకు.

అక్క,
శ్రీలత

•

సిరిసిల్ల,
11 నవంబర్

శ్రీలతక్కా,

నీ కవర్ చూసి మా అమ్మ కోర్టు కాగితమనుకొని భయపడ్డది. కాగితం మీద రాయక ఎన్నేండ్లయిందో. కింద బట్ట నేసే సాంచాలు నడుస్తుంటే టేబుల్ అదురుతది, అక్షరాలు గూడ అదురుతున్నయ్. నువ్వు తెలుగు టీచర్‌వు, ఎర్ర పెన్ను జర పక్కకు పెట్టి చదువు. నీలెక్క పుస్తకం తెలుగు నాకు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న.

ఇంటూ కొడితే పేజీ మూసుకుంటది గని నువ్వు బయటికి వచ్చినట్టు కాదక్కా. ఒక్కసారి పాస్‌వర్డ్ కొడితే, ఈ కంప్యూటర్ ముందు కూసున్నది శ్రీలత టీచరే అని సర్వర్ నమ్ముతది. దాన్నే సెషన్ అంటం. ఎంతసేపు నమ్మాలె అనేది నేను పెట్టే లెక్క. నువ్వు లాగౌట్ కొట్టాలె, లేకుంటే ఆ టైమ్ అయిపోవాలె. అప్పటిదాంక ఎవలు కూసున్నా నువ్వే అనుకుంటది.

మొదట్ల నేను పదిహేను నిమిషాలు పెట్టిన. ఎవ్వరు ముట్టకుంట పదిహేను నిమిషాలు ఊకుంటే బయటికి నూకుతది, మళ్ల పాస్‌వర్డ్ అడుగుతది. ఇప్పుడు చెప్పుడు కష్టమైతుంది గని చెప్త. రాఖీ పున్నం నాడు నువ్వు మా ఇంటికొచ్చినవు. నాకు రాఖీ కట్టి, నోట్లె మిఠాయి పెట్టి ఏమన్నవో యాదికి ఉన్నదా? "చీర గీర ఏం వద్దురా. మాటిమాటికి ఆ పాస్‌వర్డ్ అడుగుడు బంద్ చెయ్యి. పిల్లల గురించి ఇంత రాసుకుంటం, బెల్లు కొట్టి క్లాసుకు పోయొచ్చేవరకు అంత మాయం. గదే నాకు రాఖీ కట్నం" అన్నవు. అందరు నవ్విండ్రు. నువ్వు బువ్వ తింటుండంగనే నేను లాప్‌టాప్ తెరిచి పదిహేను నిమిషాలను ముప్పై రోజులు చేసిన. నీ ఒక్కదానికి కాదు, టీచర్లందరికి. అది గూడ ఎవలన్న ముట్టుకున్నప్పుడల్ల ముప్పై రోజులు మళ్ల మొదటికెళ్లి షురూ అయితయ్. దినాం బడికొచ్చేటోళ్లకు అది ఇగ అయిపోదు.

నాకు తెల్వక చెయ్యలే. పదిమంది కూసునే కంప్యూటర్‌కు గంత టైమ్ పెట్టొద్దని ఈ పని నేర్చుకునేటప్పుడు మొదలే చెప్తరు. ఎవ్వలనన్న అడిగితే వద్దంటరని అడగలే. అక్క నోరు తెరిచి ఒక్కటి అడిగింది, అది గూడ ఇయ్యలేనా అనుకున్న. మంచిగ చేసి ఉంటే నువ్వు అడిగిందానికి వేరే దారి ఉండె. టైమ్ అట్లనే ఉంచి, నువ్వు రాసింది మాయం గాకుంట దాచిపెడితే అయిపోతుండె. దానికి రెండు రోజుల పని. నేను అయిదు నిమిషాల పని చేసిన. నాకే సిగ్గయితుంది.

ఏ పేజీ ఎప్పుడు తెరిచిండ్రో సర్వర్ల ఉంటది, చూసిన. ఆ పిల్ల తన పేజీ ఒక్కటే తెరిచింది. వేరే పిల్లలది ఒక్కటి ముట్టలే. నువ్వేం రాసినవో నేను చదవలే.

ఇప్పుడు మళ్ల పదిహేను నిమిషాలు చేసిన. రాసింది గూడ ఇగ పోదు, మళ్ల లోపలికొస్తే ఆడనే ఉంటది. పని అయినంక లాగౌట్ కొట్టుడు మాత్రం మర్వకు అక్కా.

తమ్ముడు,
మధు

•

కోరుట్ల,
15 నవంబర్

మధూ,

నీ ఉత్తరం చదివాక నీ మీద కోపం పోయింది. అది ఎవరి మీదికి రావాలో వాళ్ల మీదికే వచ్చింది. రాఖీ నాడు అన్న మాట నాకు గుర్తుంది. మొదటి ఉత్తరం రాసేటప్పుడు కూడా గుర్తుంది. నువ్వు మరిచిపోయి ఉంటావులే అనుకున్నాను.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. మీటింగు అయిన సోమవారం మొగిలవ్వ స్కూలుకు వచ్చింది. చేతిసంచి నిండా సీతాఫలాలు. గొడవకే వచ్చిందనుకున్నాను. ఆమె సంచి నా టేబుల్ మీద పెట్టి రెండు చేతులూ జోడించింది. "టీచరమ్మా, మా పిల్ల గురించి మంచిగ రాసిండ్రట గద. కంప్యూటర్ల ఉన్నది సదివి చెప్పింది. జర నిదానం గని అన్నీ వస్తయి, ఈ పిల్లకు సదువు బంద్ పెట్టియ్యొద్దు అని రాసిండ్రట. మీ కడుపు సల్లగుండ. నాకు ఆ రోజు బువ్వ మంచిగ తినబుద్ధయ్యింది" అంది.

ప్రవళిక ఆమె పక్కనే నిలబడి ఉంది. తల వంచుకోలేదు. నా వైపే చూస్తోంది. చెబుతావా, ఊకుంటావా అని అడుగుతున్నట్టు చూసింది. నేను ఊరుకున్నాను. "అవునమ్మా" అన్నాను. ఆ సీతాఫలాలు ఇంటికి తెచ్చాను, మా అత్తమ్మ తిన్నది. నేను ముట్టలేకపోయాను.

నేను రాసింది ఇది, మధూ. నా చేత్తో మళ్లీ రాయాలంటే సిగ్గుగా ఉంది. 'ఇంటి నుంచి పట్టింపు లేదు. చురుకుదనం లేదు. సమయం పెట్టినా ఫలితం ఉండదు. ఫౌండేషన్ సెక్షన్‌కు వద్దు.'

పన్నెండేళ్ల పిల్ల ఇది లోపల చదువుకొని, పక్కన కూర్చున్న అమ్మమ్మకు బయటికి వేరేది చదివింది. పట్టింపు లేదని ఎవరి గురించి రాశానో ఆమెకే చదివి వినిపించాలి కదా మరి.

ఆ రోజు నుంచి క్లాసులో ఏం అడిగినా లేచి నిలబడి "రాదు టీచర్" అంటుంది. ప్రశ్న పూర్తి కాకముందే అంటుంది. ఎదిరించినట్టు కూడా కాదు. నేను రాసింది చదివి ఒప్పుకున్నట్టు అంటుంది. రెండు రోజులు బడికే రాలేదు. జలపతిని పంపితే బీడీలకు తునికాకు కత్తిరిస్తూ కూర్చుందట. "వచ్చే ఏడు ఎట్లనో గిదే పని గద సారూ" అందట.

నువ్వు లోపలి నుంచి మార్చగలవు కదా. నేను రాసింది తీసేసి, ఆ పిల్ల చదివి వినిపించిన మాటలే అక్కడ పెట్టు. తేదీ పాతదే ఉండాలి. అప్పుడు ఆ పిల్లకు చూపించి, నువ్వే సరిగ్గా చూడలేదు బిడ్డా, వేరే ఎవరిదో చదివావు అని చెబుతాను. నెలాఖరుకు సెక్షన్ల జాబితా పోతుంది. ఈ ఒక్క సాయం చెయ్యి. ఇంకెప్పుడూ ఏమీ అడగను.

శ్రీలత

•

జగిత్యాల,
20 నవంబర్

అక్కా,

జగిత్యాల బస్టాండ్ల కూసొని రాస్తున్న. మీ మేనేజ్‌మెంట్ ఆఫీసుకొచ్చిన. ఎందుకొచ్చిన్నో తర్వాత చెప్త.

ముందు ఒక అబద్ధం ఒప్పుకుంట. నువ్వేం రాసినవో చదవలే అన్న గద, చదివిన. మొదటి ఉత్తరం అందిన రోజే చదివిన. నువ్వు అడగకు అన్నవు గని చదవకు అనలే అని నాకు నేనే చెప్పుకొని చదివిన. చదివినంక నీకు ఫోన్ చేద్దామని తీసి, మళ్ల పెట్టేసిన. నేను చదివిన అని తెలిస్తే నువ్వు నాతోని మాట్లాడవేమో అని భయమైంది.

ఇంకోటి గూడ చూసిన. అదే మాట, అవే నాలుగు వాక్యాలు, మీ క్లాసుల మస్తుమంది పిల్లల కింద ఉన్నయ్. ఒక్క అక్షరం తేడా లేదు. ఎవలెవలు అని చూస్తే, తల్లో తండ్రో దుబాయ్, మస్కట్, సౌదీల ఉన్నోళ్లే ఎక్కువ. అన్నీ జులైల ఒక్క పూటనే పెట్టినవి. అది ఆ పిల్ల గురించి రాసింది కాదు గదక్కా?

నువ్వు అడిగింది నాకు ఒక్క నిమిషం పని. మాటలు మార్చొచ్చు, తేదీ గూడ పాతదే ఉంచొచ్చు, ఎవ్వలకు తెల్వది. ఆ పిల్లకు మాత్రం తెలుస్తది. తన కండ్లతోని చదివిందాన్ని నువ్వు చదవలే అంటే, ఆ పిల్ల ఇగ దేన్ని నమ్మాలె? రాఖీకి ఒకసారి నువ్వు అడిగిందిచ్చిన. ఈసారి ఇయ్య. తిట్టుకుంటే తిట్టుకో.

ఇగ ఈడికెందుకొచ్చిన్నంటే, సెక్రటరీ సారుకు ఉన్నది చెప్పుదామని. పదిహేను నిమిషాలు ఉండేదాన్ని నెల రోజులు చేసిన, మీకు చెప్పకుంట చేసిన, మీటింగు నాడు ఒక టీచర్ పేజీ పిల్లకు తెరుచుకున్నది అన్న. సారు తిట్టలే. చాయ్ తెప్పిచ్చిండు. తిడితే మంచిగుంటుండె. "ఎవలు చెయ్యమన్నరు?" అని అడిగిండు. నాకే అనిపించి చేసిన అని చెప్పిన. వచ్చే ఏడు వెబ్‌సైట్ వేరేటోళ్లకు ఇస్తరట. సరే సార్ అని లేచొచ్చిన.

నీ పేరు చెప్పలేదని నువ్వు బాధపడొద్దు. అది నా పని, టైమ్ ఎంత పెట్టాలె అన్నది నేను చూసుకోవాలె. గని పిల్ల సంగతి నాది కాదు. ఆడికి నువ్వే పోవాలె.

మధు

•

కోరుట్ల,
27 నవంబర్

మధూ,

నువ్వు ఇయ్యనన్నందుకు మూడు పూటలు నిన్ను తిట్టుకున్నాను. ఆ తర్వాత తిట్టడానికి మాటలు అయిపోయాయి.

నిజమే. అది ప్రవళిక గురించి రాసింది కాదు. జులైలో మొదట ఒక్కొక్కరి గురించి కూర్చొని రాశాను. బెల్లు కొట్టి క్లాసుకు పోయి వచ్చేసరికి అంతా పోయింది. మళ్లీ రాస్తే మళ్లీ పోయింది. చివరికి ఒక పిల్లవాడి గురించి కోపంలో నాలుగు ముక్కలు రాసి, ఇంట్లో అడిగేవాళ్లు లేని పిల్లలందరి కిందా అవే అతికించాను. అడిగేవాళ్లు లేరు కాబట్టే అతికించాను. ఇంతవరకు నీ పదిహేను నిమిషాల మీద నెట్టేయవచ్చు. కానీ రాఖీ తర్వాత నాకు కావలసినంత సమయం ఇచ్చావు. ఆ పేజీ రోజూ నా ముందు తెరిచే ఉంది. ఒక్కరోజు కూడా వెనక్కి పోయి దిద్దలేదు.

ఆదివారం మొగిలవ్వ ఇంటికి పోయాను. ఉన్నది చెప్పి రావాలనే పోయాను. ముసలామె చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది, పిల్ల పక్కన కూర్చొని ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూడగానే ముసలామె సంబరంగా కుర్చీ తుడిచింది. కూర్చున్నానో లేదో పిల్లతో మస్కట్‌కు వీడియో ఫోన్ కలిపించి నా చేతిలో పెట్టింది. సరిత వంటింట్లో నిలబడి మాట్లాడుతోంది, వెనక ఎవరివో గిన్నెలు కనిపిస్తున్నాయి. "టీచర్, మీరు రాసిన మాట అమ్మ చెప్పింది. ఉగాదికి ఇంటికొద్దామనుకున్న. ఇగ రాను. ఇంకో రెండేండ్లు ఉంట అని ఈడ మేడంకు చెప్పిన. పిల్ల సదువుతదంటే నేను ఎన్నేండ్లన్న ఉంట టీచర్" అంది.

ప్రవళిక కత్తెర ఆగిపోయింది. వాళ్ల అమ్మ రావడం లేదన్న సంగతి ఆ పిల్ల అప్పుడే వింటోంది. చెప్పాల్సిన చోట నేను మళ్లీ "సరేనమ్మా" అని ఫోన్ ఇచ్చేసి లేచాను. అంత పిరికిదాన్నని నాకే తెలియదు.

గల్లీ చివరిదాకా ప్రవళిక నా వెనకే వచ్చింది. "టీచర్, మీరు నా గురించి రాసింది నిజమేనా?" అని అడిగింది.

ఇక తప్పించుకోలేకపోయాను. "అది నీ గురించి రాసింది కాదు బిడ్డా. ఇంకొకరికి రాసి, అదే నీకూ, చాలామందికీ పెట్టిన. నీ గురించి నేను అసలు ఆలోచించలేదు" అన్నాను. మా క్లాసు పిల్లతో నేను అట్లా మాట్లాడటం అదే మొదలు.

"అయితే నేను గట్ల గాదా?"

"నాకు తెల్వదు."

"మరి ఇప్పుడు ఆలోచించుండ్రి టీచర్" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. దిద్దని నోటుబుక్కు ముందు పెట్టి దిద్దమన్నట్టు అంది.

గల్లీలో ఎవరో చూస్తున్నారని కూడా అనుకోకుండా ఏడ్చాను. తర్వాత ఆ పిల్ల చెయ్యి పట్టుకొని వెనక్కి పోయి, మళ్లీ ఫోన్ కలపమన్నాను. ముసలామె ముందే, సరితకు అంతా చెప్పాను. నేనేం రాశానో చెప్పాను, మీ పిల్ల దాన్ని ఎట్లా మార్చి చదివిందో చెప్పాను. మొగిలవ్వ చేతిలో బీడీ అట్లాగే ఉండిపోయింది. మనవరాలిని దగ్గరికి లాక్కొని, "గంత మాట ఒక్కదానివే కడుపుల పెట్టుకున్నవా" అని దాని తల నిమిరింది. సరిత మాత్రం, "నేను ఆ రెండేండ్ల కాగితం మీద సంతకం ఇంక పెట్టలే టీచర్. మీరు ఆలోచన చేసి, నా బిడ్డ గురించి నిజం ఏందో నాకు చెప్పుండ్రి. అది విన్నంకనే ఉండుడో, వచ్చుడో సూస్త" అంది.

సోమవారం ప్రిన్సిపల్‌కు నా పేరు నేనే చెప్పాను. పాస్‌వర్డ్ అడిగే గడువు పెంచమన్నది నేనే అన్నాను, ఒక్క మాటే అందరికీ అతికించానని కూడా చెప్పాను. మేడం కళ్లద్దాలు తీసి నన్ను చూసిన చూపు నీకు రాయను. జాబితా ఇంకో వారం ఆపుతానన్నారు, ఆ పిల్లలందరి గురించి మళ్లీ రాసి ఇమ్మన్నారు. జగిత్యాలకు కూడా నేనే పోయి చెబుతాను. వెబ్‌సైట్ నీకు తిరిగి వస్తుందని నమ్మకం లేదు. అయినా పోతాను.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చొని ప్రవళిక పేజీ తెరిచాను. పాత మాటలు చెరిపేస్తే ఖాళీ డబ్బాలో గీత కొట్టుకుంటోంది. ఏం రాయాలో తెలియలేదు. చూస్తూ కూర్చుంటే పదిహేను నిమిషాలు అయిపోయి బయటికి నూకింది. మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాను. మళ్లీ నూకింది. దాచిపెడతానన్నావు కదా, దాచడానికి నేను ఒక్క అక్షరం రాస్తే కదా. జూన్ నుంచి నా ఎదురుగా కూర్చున్న పిల్ల, ఆ పిల్లకు లెక్కలు ఇష్టమా, కథలు ఇష్టమా, పక్కన ఎవరు కూర్చుంటారు, ఏదీ నాకు తెలియదు.

అప్పటినుంచి రోజూ బడి వదిలాక ప్రవళికను కాసేపు నా దగ్గర కూర్చోబెట్టుకుంటున్నాను. మొదటి రోజు "రాదు టీచర్" తప్ప ఇంకేమీ అనలేదు. నిన్న మాత్రం పాఠం తీసి, ఒక పేరా తప్పుల్లేకుండా గట్టిగా చదివింది. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ ఆ పేజీ తెరిచి, నాకు తెలిసినంతే రాశాను.

'ఈ పిల్ల తెలుగు గడగడా చదువుతుంది. లెక్కల్లో వెనకబడి ఉంది, నేను ఇన్నాళ్లూ గమనించలేదు. తన గురించి నేను రాసిన చెడ్డ మాటను అమ్మమ్మ నొచ్చుకుంటుందని మంచి మాటగా మార్చి చదివింది. ఏ సెక్షన్‌లో వెయ్యాలో చెప్పేంతగా ఈ పిల్ల నాకు ఇంకా తెలియదు.'

కింద ఇవాళ్టి తేదీ పడింది. లాగౌట్ కొట్టి లేచాను. సాయంత్రం మస్కట్‌కు ఫోన్ చేసి ఇది సరితకు చదివి వినిపించాలి, రాసింది రాసినట్టు.

అక్క,
శ్రీలత